బర్మింగ్‌హామ్‌కి కొత్తగా వచ్చాను, థైరాయిడ్‌కి ఏ డాక్టర్?

ప్రశ్న, బర్మింగ్‌హామ్ నుంచి:
అందరికీ నమస్కారం. హైదరాబాద్ నుంచి వచ్చి పది రోజులైంది. నాలుగేళ్ళుగా హైపోథైరాయిడ్ (థైరాయిడ్ హార్మోన్ తక్కువ), థైరోనార్మ్ 88 మాత్ర వేసుకుంటున్నాను. సీసాలో ఇంకో నలభై మాత్రలున్నాయి. ఇక్కడ మంచి ఎండోక్రినాలజిస్టు (హార్మోన్ల డాక్టర్) ఎవరైనా తెలుసా? అక్కడ మూడు నెలలకోసారి టీ3, టీ4, టీఎస్‌హెచ్ మూడూ చేయించుకునేదాన్ని. ఇక్కడ కూడా నేరుగా ల్యాబ్‌కి వెళ్ళొచ్చా?

లెస్టర్ నుంచి:
అమ్మా, ముందు ఎండోక్రినాలజిస్టు కోసం వెతకడం ఆపండి. ఎన్‌హెచ్‌ఎస్‌లో, అంటే ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవలో, ఓపీ చీటీ తీసుకుని నేరుగా స్పెషలిస్టు ముందు కూర్చోవడం కుదరదు. మామూలు హైపోథైరాయిడ్‌ని జీపీయే, అంటే మన ఫ్యామిలీ డాక్టర్ లాంటివారే చూస్తారు. మందు రాయడం, డోసు మార్చడం, ఏడాదికోసారి రక్తపరీక్ష, అన్నీ అక్కడే. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ తక్కువైతే ఇది పెరుగుతుంది) ఎంతకీ కుదురుకోకపోయినా, సమస్య మెదడు కింది పిట్యూటరీ గ్రంథి నుంచి వస్తున్నా, గర్భం వచ్చినా జీపీయే పైకి పంపిస్తారు.

నలభై మాత్రలంటే నలభై రోజులు. రిజిస్ట్రేషన్, మొదటి అపాయింట్‌మెంటు, రక్తం తీయడం, రిపోర్టు, ప్రిస్క్రిప్షన్, ఈ వరసలో ప్రతి మెట్టుకీ కొన్ని రోజులు పోతాయి. కాబట్టి ఇవాళే మొదలుపెట్టండి. మీ పోస్ట్‌కోడ్ కొట్టి చూస్తే మీ పరిధిలో ఉన్న సర్జరీలు (ఇక్కడ జీపీ క్లినిక్‌ని అలాగే అంటారు) కనిపిస్తాయి. చాలా చోట్ల ఆన్‌లైన్‌లోనే నింపొచ్చు, లేదంటే జీఎంఎస్1 ఫారం ఇస్తారు. "మందులు" అన్న గడిలో థైరోనార్మ్ అని రాయకండి, ఆ పేరు ఇక్కడ ఎవరికీ తెలియదు. లీవోథైరాక్సిన్ 88 మైక్రోగ్రాములు, రోజుకి ఒకటి, పలానా తేదీకి అయిపోతాయి అని రాయండి. ఆ తేదీ రాస్తేనే రిసెప్షన్‌లో తొందర అర్థమవుతుంది.

లీడ్స్ నుంచి:
లెస్టర్ అక్క చెప్పింది నిజం, కానీ అసలు చిక్కు రిజిస్ట్రేషన్ దగ్గరే వస్తుంది. షేరింగ్ ఇంట్లో ఉండేవాళ్ళ పేరు మీద కరెంటు బిల్లు ఉండదు, ఓనరు ఉత్తరం ఇవ్వడు, రిసెప్షన్‌లో "అడ్రస్ ప్రూఫ్ లేకపోతే కుదరదు" అంటారు. అది తప్పు. అడ్రస్ ప్రూఫ్ గానీ, ఫోటో ఐడీ గానీ, వీసా కాగితం గానీ లేదని జీపీ సర్జరీ మిమ్మల్ని తిప్పి పంపకూడదు. కాదంటే కారణం రాతపూర్వకంగా 14 రోజుల్లో ఇవ్వాలి. మర్యాదగా "ఆ మాటే కాగితం మీద రాసివ్వండి" అని అడగండి, చాలాసార్లు అక్కడితో పని అయిపోతుంది. ఇంట్లో ఎవరి రిజిస్ట్రేషన్ వాళ్ళదే. భర్తది అయింది కదా అని భార్యది అయినట్టు కాదు.

రెడింగ్ నుంచి:
88 గురించి ఎవరూ చెప్పలేదు. ఇక్కడ మామూలుగా దొరికేవి 25, 50, 100. 12.5, 75 కూడా ఉన్నాయి గానీ అన్ని ఫార్మసీల్లో చేతికందవు. 88 రాయరు. 75తో పాటు 12.5 కలిపి ఇస్తారు, లేదా ఒకరోజు 75, మరుసటి రోజు 100 అంటారు. రెండు లెక్కల్లోనూ సగటు 87.5 వస్తుంది, కంగారు పడక్కర్లేదు. మీ అంతట మీరు 100కి పెంచుకోవడం, 75కి దించుకోవడం మాత్రం చేయకండి. మార్చిన డోసు టీఎస్‌హెచ్‌లో పూర్తిగా కనిపించడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది.

పాత రిపోర్టులు తెచ్చుకున్నారా? టీఎస్‌హెచ్ అంకె అక్కడా ఇక్కడా ఒకటే. ఫ్రీ టీ4 మాత్రం యూనిట్లు వేరు. మన ల్యాబ్ అంకెని 12.87తో గుణిస్తే ఇక్కడి అంకె వస్తుంది. 1.2 అని ఉంటే ఇక్కడ 15.4, ఏదో పెరిగిపోయిందని భయపడకండి. మూడు నెలలకోసారి మూడు పరీక్షలూ చేయరు. కుదురుగా ఉన్నవాళ్ళకి ఏడాదికోసారి టీఎస్‌హెచ్, అది తేడాగా ఉంటేనే ఫ్రీ టీ4. టీ3 దాదాపు అడగరు. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే పరీక్షకి రెండు రోజుల ముందే ఆపండి, ఫలితాన్ని తారుమారు చేస్తాయి.

కార్డిఫ్ నుంచి:
మందులకి డబ్బు కట్టక్కర్లేదని చెప్పరేం? మాకు అన్నీ ఉచితమే.

లెస్టర్ నుంచి:
అన్నా, అది వేల్స్. స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్‌లోనూ అంతే. ఆవిడ ఉన్నది ఇంగ్లండులో. ఇక్కడ ఒక్కో ఐటమ్‌కి 9.90 పౌండ్లు. 75, 12.5 రెండూ ఒకే ప్రిస్క్రిప్షన్‌లో రాస్తే, మందు ఒకటే కాబట్టి ఒక్క ఐటమ్ చార్జీయే. కానీ లీవోథైరాక్సిన్ తప్పనిసరిగా వాడే హైపోథైరాయిడ్ మినహాయింపు జబ్బుల జాబితాలో ఉంది. సర్జరీలో ఎఫ్‌పీ92ఏ ఫారం అడగండి. మీరు నింపాక సర్జరీ వాళ్ళు సంతకం చేసి పంపుతారు. సర్టిఫికెట్ అయిదేళ్ళు చెల్లుతుంది, థైరాయిడ్ మందుకే కాదు, ఏ ప్రిస్క్రిప్షన్‌కైనా.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. కొత్తగా వచ్చిన ఒకమ్మాయికి జరిగింది చెప్తాను. ఫార్మసీ కౌంటర్‌లో "మీరు డబ్బు కడతారా?" అని అడిగారు. థైరాయిడ్‌కి ఉచితమని ఎవరో చెప్పగా విని "లేదండీ, నాకు మినహాయింపు" అంది. ప్రిస్క్రిప్షన్ వెనక గడిలో టిక్కు పెట్టి సంతకం చేసింది. జబ్బు నిజమే, సర్టిఫికెట్ మాత్రం లేదు. నెలల తర్వాత పెనాల్టీ ఉత్తరం వచ్చింది: రెండు ఐటమ్‌లకి ఎగ్గొట్టినట్టు లెక్కేసిన 19.80కి అయిదింతలు, అంటే 99, దానికి తోడు ఆ 19.80. మొత్తం 118.80 పౌండ్లు. ఇల్లు మారడంతో ఆ ఉత్తరం పాత అడ్రసుకి వెళ్ళింది, గడువు దాటి దాని మీద ఇంకా పడింది. జబ్బు ఉంటే చాలదు, చేతిలో కాగితం ఉండాలి. అది వచ్చేదాకా డబ్బు కట్టండి, కడుతున్నప్పుడే ఎఫ్‌పీ57 రసీదు అడగండి. తర్వాత అడిగితే ఇవ్వరు. ఆ రసీదుతో మూడు నెలల్లోపు డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. సర్టిఫికెట్ తేదీ ఫారం అందిన రోజుకి నెల ముందు నుంచి మొదలవుతుంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ. ఇక్కడ ఒక్కో నెల ఒక్కో కంపెనీ మాత్ర ఇస్తారట, పర్వాలేదా?

లీడ్స్ నుంచి:
ఏమీ కాదు. మందు ఒకటే.

రెడింగ్ నుంచి:
లీడ్స్ అన్నా, అంత తేలిగ్గా అనకండి. చాలామందికి ఏమీ కాదు, నిజమే. కానీ కంపెనీ మారాక కొందరికి గుండెదడ, అలసట వస్తాయి. అలాంటివాళ్ళకి ఒకే తయారీ రాయడం పరిశీలించమని మందుల నియంత్రణ సంస్థ ఎంహెచ్ఆర్ఏ 2021లోనే డాక్టర్లకి చెప్పింది. డబ్బా మీద కంపెనీ పేరు ఫోటో తీసి పెట్టుకోండి, తేడా వస్తే చూపించడానికి పనికొస్తుంది.

కార్డిఫ్ నుంచి:
పొద్దున లేవగానే కాఫీ అలవాటున్నవాళ్ళు మాత్ర రాత్రికి మార్చుకుంటే మాత్ర వేసుకుని కాఫీ కోసం ఆగే గొడవ ఉండదు.

లెస్టర్ నుంచి:
రాత్రి అంటే భోజనమయ్యాక మూడు గంటల తర్వాత. మన ఇళ్ళలో తొమ్మిదిన్నరకి తిని పదిన్నరకి పడుకుంటారు, అది కుదరదు. పొద్దునే మేలు: మంచినీళ్ళతో మాత్ర, అరగంట నుంచి గంట ఆగి కాఫీ. షెల్కాల్ లాంటి కాల్షియం, ఐరన్ మాత్రలకి నాలుగు గంటల ఎడం. ఇంకో మాట, గర్భం అని తెలిసిన రోజే జీపీకి ఫోన్ చేయండి. మిడ్‌వైఫ్ అపాయింట్‌మెంటు దాకా ఆగకండి, చాలామందికి డోసు అప్పుడే పెంచాల్సి వస్తుంది.

లీడ్స్ నుంచి:
ఈలోగా మాత్రలు అయిపోతే ఎన్‌హెచ్‌ఎస్ హెల్ప్‌లైన్ 111కి ఫోన్ చేస్తే ఫార్మసీలో ఎమర్జెన్సీ సప్లై ఇప్పిస్తారు.

రెడింగ్ నుంచి:
అది ఇక్కడి డాక్టర్ ఒకసారైనా రాసినవాళ్ళకి. ఇండియా చీటీ మీద ఇక్కడి ఫార్మసీ మందు ఇవ్వదు, ఎమర్జెన్సీ సప్లై కూడా ఇవ్వదు. ఆవిడకి వేరే దారి: రిజిస్ట్రేషన్ పూర్తి కాకపోయినా అత్యవసరమైన వైద్యం 14 రోజుల వరకు జీపీ సర్జరీ చూడాలి, అక్కడికి వెళ్ళాలి. ఏ సర్జరీకి వెళ్ళాలో 111 వాళ్ళు చెప్తారు. సీసా పారేయకండి, పేరు, డోసు కనిపించేలా లేబుల్ చూపించండి. ఒకటి రెండు రోజులు తప్పితే వెంటనే ఏమీ కాదు, ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే వారం పడుతుంది. అలాగని ఉన్న మాత్రల్ని సాగదీసుకుంటూ రోజు విడిచి రోజు వేసుకోకండి, మొదటి రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ ఎక్కువగా వచ్చి డాక్టర్ అనవసరంగా డోసు పెంచేస్తారు.