సమస్యాపూరణం: "తల్లిని ముద్దాడఁ దగదు ధర్మజ్ఞునకున్"

నిర్వాహకుడు:
మిత్రులందరికీ నమస్కారం. పోయిన నెల "సింహ మొక్కటె వేటాడఁ జెల్లు మునికి" అన్న పాదంతో మొదలైన టెంప్లర్ల (క్రూసేడు యుద్ధాల నాటి క్రైస్తవ యోధసన్యాసుల) వరుసను ఈ వారమూ కొనసాగిస్తున్నాను. 1129లో ఫ్రాన్సులోని ట్రువా పట్టణంలో జరిగిన చర్చి సభ ఆమోదించిన వారి నియమావళిని మళ్ళీ తిరగేస్తుంటే ఒకచోట నవ్వు ఆగక ఈ పాదం దానంతట అదే గణాల్లో పడింది. పూరణ ఆ యోధసన్యాసుల గురించే ఉండాలి. క్రమాలంకారం (వరుసగా ప్రశ్నలు వేసి చివరి పాదంలో వరుసగా జవాబులిచ్చే ఎత్తు) పట్టుకొని పక్కదారిన జారుకొనేవారినీ, మూడో పాదం చివర "అనుట తప్పు" అని చేతులు దులుపుకొనేవారినీ ఈసారి ఉపేక్షించను.

కృష్ణాతీరం:
చాలాకాలం చదువరిగానే ఉండి ఇవాళ సాహసిస్తున్నాను. పెద్దలు తప్పులుంటే దిద్దగలరు.

తెల్లని దుప్పటి, నెఱ్ఱని
యల్లిన సిలువయును దాల్చి యాజినిఁ బోరన్
జెల్లును, గాని మఠమ్మునఁ
దల్లిని ముద్దాడఁ దగదు ధర్మజ్ఞునకున్.

భద్రాద్రి మేష్టారు:
నాయనా, నడక చక్కగా ఉంది, రెండో పాదంలో విశ్రాంతి హాయిగా కుదిరింది. అయితే ఆ సిలువను అల్లినది సాలెవాడు కాదు, ప్రాస. టెంప్లర్ల ఎర్ర సిలువ బట్ట మీద కుట్టినదే గాని బట్టతోపాటు నేసినది కాదు. పైగా మన నిర్వాహకులు పేర్కొన్న 1129 నాటి నియమావళిలో తెల్లని పైవస్త్రం మాత్రమే ఉంది. ఎర్ర సిలువను మూడవ యూజీనియస్ పోపు 1147లో అనుగ్రహించాడని చెబుతారు. ఆ పద్దెనిమిదేళ్ళ తేడాను పద్యం ఒక్క "అల్లిన"తో కలిపి కుట్టేసింది.

తెనాలి తాతయ్య:
మేష్టారు కుట్టును చూశారు గాని కోతను చూడలేదు. నిర్వాహకులు "తల్లిని" అని ఇస్తే కుర్రవాడు "దల్లిని" చేశాడు. ఇచ్చిన పాదంలో మొదటి అక్షరాన్నే మార్చుకోవచ్చునంటే రేపు మొత్తం పాదాన్నే మార్చుకోవచ్చు.

కృష్ణాతీరం:
తాతయ్యగారూ, "మఠమ్మున" ద్రుతాంతం (చివర నకారం గల మాట) కనుక సరళాదేశం, అంటే "త" "ద" కావడం, తప్పలేదండి. యతి ఎక్కడా చెడలేదు.

నిర్వాహకుడు:
అది దోషం కాదు, వ్యాకరణం. "అల్లిన" మాత్రం మేష్టారన్నట్టు సవరించదగినదే. "దుప్పటి" అన్న మాట నాకు నచ్చింది. మన పాత కాలంలో భుజాల మీద కప్పుకొన్న వస్త్రానికి అదే మాట. అయితే తెల్లది అందరికీ దక్కేది కాదు. వ్రతం పట్టిన అశ్వికులకే తెలుపు, వారి కింద పోరాడే పరిచారక సోదరులకు నలుపో గోధుమరంగో. చలికి గొఱ్ఱెతోలు తప్ప మరో బొచ్చు వాడరాదు. మొనదేలిన చెప్పులూ వాటి తాళ్ళూ నిషిద్ధం. తూర్పుదేశపు ఎండను తలచుకొని ఈస్టరు నుంచి సకల పునీతుల పండుగ దాకా నార చొక్కా తొడుక్కోవడానికి మాత్రం అనుమతి ఇచ్చారు. ఇంత బట్టలకొట్టు ఉండగా మనవాళ్ళు సిలువ దగ్గరే ఆగిపోతున్నారు.

తెనాలి తాతయ్య:
ఇక నా పూరణ. మొదటి మూడు పాదాలు చదివి నాలుగోదానికి వచ్చేసరికి పాఠకుడు ఒక క్షణం తడుముకోవాలి, అదే పూరణ.

వల్లె యనుచు మఠమందున
నొల్లక గృహసుఖము, నిష్ఠ నోర్చిన మునికిన్
బెల్లు వలపునను బిల్లల
తల్లిని ముద్దాడఁ దగదు ధర్మజ్ఞునకున్.

కృష్ణాతీరం:
ఆహా! "పిల్లల తల్లి" అనగానే కన్నతల్లి మాయమై పరాయి ఇల్లాలు నిలబడింది. ఒక్క మాటతో సమస్య తేలిపోయింది.

భద్రాద్రి మేష్టారు:
తేలిపోవడమే కదా ఇబ్బంది. తాతయ్యగారు పోయిన నెల సింహం పాదాన్నీ ఇలాగే తేల్చారు. అక్కడ సింహాన్ని సింహహృదయుడన్న పేరుగల ఇంగ్లండు రాజు రిచర్డ్‌గా మార్చి, టెంప్లర్లు ఆయనను వేటాడారన్నట్టు రాశారు. 1191లో అర్సూఫ్ యుద్ధంలో ఆయన సేనకు ముందు నడిచినవారే టెంప్లర్లు. అదే ఏడు సైప్రస్ ద్వీపాన్ని లక్ష బెజాంట్లకు (ఆనాటి బంగారు నాణేలు) ఆయన దగ్గర బేరమాడి నలభై వేలు చెల్లించినవారూ వారే. కొనుగోలుదారు అమ్మినవాణ్ణి వేటాడడం ఏ పురాణంలో ఉందో తాతయ్యగారే చెప్పాలి. నియమావళిలో సింహం అచ్చంగా సింహమే. డేగలతో వేట వద్దు, విల్లుతో వేట వద్దు, ఎవరిని మింగుదామా అని చుట్టూ తిరిగే సింహాన్ని మాత్రం కొట్టవచ్చునని ఉంది.

తెనాలి తాతయ్య:
ఆ పూరణకు వచ్చిన మెచ్చుకోళ్ళు మేష్టారికి ఇంకా అరగలేదని ఇప్పుడు తెలిసింది. ఈ పద్యంలో తప్పుంటే చెప్పండి, పాత పద్దులు వద్దు.

భద్రాద్రి మేష్టారు:
చెబుతాను. "పిల్లల తల్లి" అతని సొంత భార్యే అనుకొందాం. పెళ్ళయినవారిని కూడా టెంప్లర్లు చేర్చుకొన్నారు. అయితే వారికి తెల్లని వస్త్రం ఇవ్వలేదు, బ్రహ్మచర్యం పట్టినవారితో ఒకే కప్పు కింద ఉండనివ్వలేదు, చనిపోతే ఆస్తిలో భాగం మఠానికి రావాలన్నారు. కనుక మీ ముని "మఠమందున" ఉంటే పిల్లల తల్లి అతనిది కాదు, పిల్లల తల్లి అతనిదైతే అతడు ఆ మఠంలో లేడు. మొదటి పాదమూ మూడో పాదమూ ఒకే ఇంట్లో కాపురం చేయలేకపోతున్నాయి.

తెనాలి తాతయ్య:
విమర్శ విన్నాము. మేష్టారి పద్యం కోసం ఎదురుచూస్తున్నాము.

భద్రాద్రి మేష్టారు:
ఇదిగో. ఒకే గుఱ్ఱం మీద ఇద్దరు కూర్చున్న వారి ముద్రికను తలచుకొని రాశాను. గద నా కల్పన కాదు. అశ్వికుడికి ఇవ్వవలసిన ఆయుధాల పట్టికలోనే తురుష్క గద ఉంది.

పెళ్ళియు నొల్లని వీరుఁడు
కళ్ళెము నొకఁ డందుకొనఁగ గద నొక్కరుఁడున్
వెళ్ళి రణము నెగ్గును గద
తల్లిని ముద్దాడఁ దగదు ధర్మజ్ఞునకున్.

తెనాలి తాతయ్య:
సభాసదులు గమనించగలరు. మూడు పాదాల్లో "ళ్ళ", నాలుగో పాదంలో "ల్ల". కిందటి ఏడు నేను ఒక్కచోట ల-ళలు కలిపితే ఇదే మేష్టారు రెండు పేజీల పాఠం చెప్పి నా పద్యాన్ని పక్కన పెట్టించారు. ఇప్పుడు "లళయోరభేదః" (ల-ళలకు తేడా లేదు) అన్న సూత్రం భద్రాచలంలో అమల్లోకి వచ్చినట్టుంది.

భద్రాద్రి మేష్టారు:
అభేదప్రాసగా ల-ళలను అంగీకరించే సంప్రదాయం ఉన్న మాట వాస్తవం. అప్పుడు నేను అభ్యంతరం చెప్పింది ప్రాసకు కాదు, ఆ పద్యంలో ఆరవ గణానికి.

తెనాలి తాతయ్య:
రెండింటికీ చెప్పారు. నా దగ్గర దాచి ఉంది. అది అలా ఉంచి, మొదటి పాదంలో "వీరుఁడు" ఒక్కడే బయలుదేరాడు, రెండో పాదానికి వచ్చేసరికి ఇద్దరయ్యారు, మూడో పాదంలో మళ్ళీ ఒక్కడే నెగ్గాడు. రెండోవాడు దారిలో దిగిపోయాడా? ఇంకొక మాట. నియమావళి ఒక్కొక్క అశ్వికుడికి మూడేసి గుఱ్ఱాలు ఇస్తుంటే ఒక గుఱ్ఱానికి ఇద్దరేమిటి? ముద్రిక మీద బొమ్మ పేదరికానికో సోదరభావానికో గుర్తు గాని యుద్ధానికి వెళ్ళే పద్ధతి కాదు. గద పట్టినవాడు వెనక కూర్చొని విసిరితే ముందువాడి తలే పగులుతుంది.

నిర్వాహకుడు:
ఈ చివరి మాటకు నేను కుర్చీలో నుంచి లేచి నవ్వాను. మేష్టారూ, రెండో పాదంలో "గద" ఆయుధమై, మూడో పాదం చివర అదే "గద" ఊతపదమై రావడం మాత్రం ముచ్చటగా ఉంది. ఒక్కడు ఇద్దరైన వచన దోషాన్ని ఆ రెండు గదలు కొంత కాస్తున్నాయి. ల-ళల సంగతి ఇక్కడితో ఆపుదాం.

అమలాపురం అక్కయ్య:
పెద్దలిద్దరూ ఒకరి గుఱ్ఱాన్ని ఒకరు దింపుకొనే తొందరలో నిర్వాహకులు ఇచ్చిన పాదంలోని అసలు వింతను దాటిపోయారని నా మనవి. మామూలు సమస్యలో అసంబద్ధత కవి మీద పడిన భారం, దాన్ని ఏదో విరుపుతో దించుకోవాలి. ఇక్కడ అసంబద్ధత చరిత్రలోనే ఉంది. విధవ గాని, కన్య గాని, తల్లి గాని, అక్కచెల్లెళ్ళు గాని, మేనత్త గాని, ఎవరినీ ముద్దాడరాదని నియమావళి వరుస పెట్టి మరీ చెప్పింది. తాతయ్యగారు "పిల్లల" అని ముందు చేర్చి ఆ వింతను తీసేశారు. తీయకుండా ఉంచితేనే పద్యానికి బలం.

ఇల్లు విడిచి సిలువ గొనిన
పిల్లఁడు వృద్ధుఁడయి వచ్చి వీథిని నిలిచెన్
మెల్లఁగఁ జే మోడ్చె నకట
తల్లిని ముద్దాడఁ దగదు ధర్మజ్ఞునకున్.

కృష్ణాతీరం:
"వీథిని నిలిచెన్" దగ్గర ఆగిపోయానండి. గుమ్మం లోపలికి కూడా రాలేదు.

తెనాలి తాతయ్య:
పద్యం బాగుంది, కాదనను. కాని "చే మోడ్చె" దగ్గర ఫ్రాన్సు దేశపు యోధుడు ఒక్కసారిగా కోనసీమ అల్లుడైపోయాడు. వారికి నమస్కారం ఎక్కడిది?

అమలాపురం అక్కయ్య:
తాతయ్యగారూ, ఆ చేతులు వారివే. మఠంలో చేరదలచినవాడు మోకాళ్ళ మీద నిలిచి, రెండు చేతులూ జోడించి, తనను చేర్చుకోమని అడగాలి. ప్రభువుకు సామంతుడు విధేయత చెప్పేటప్పుడు కూడా జోడించిన చేతులే. మఠానికి ఒకసారి జోడించిన ఆ చేతులను అతడు తల్లికి మరొకసారి జోడించాడని నా ఊహ. చేరిక పూర్తయ్యాక అతణ్ణి లేవనెత్తి పెద్ద సోదరుడు నోటి మీద ముద్దు పెట్టేవాడు. అది శాంతి ముద్దు. అతనికి మిగిలిన ముద్దు అదొక్కటే.

ఆ ముద్దే వారి మెడకు చుట్టుకొంది. 1307 అక్టోబరు 13, శుక్రవారం తెల్లవారుజామున నాలుగవ ఫిలిప్ రాజు ఫ్రాన్సులోని టెంప్లర్లను పట్టించినప్పుడు మోపిన నేరాల్లో సిలువ మీద ఉమ్మడంతో పాటు, కొత్తవారిని చేర్చుకొనేటప్పుడు నడుము కింద, బొడ్డు మీద అసభ్యంగా ముద్దులు పెట్టారన్నది ఒకటి. కన్నతల్లి చెక్కిలిని కూడా తాకనివ్వని మఠాన్ని ముద్దుల నేరం మీద బోనెక్కించారు. చిత్రహింసలకు తాళలేక చాలామంది ఒప్పుకొన్నారు. 1312లో పోపు సంఘాన్ని రద్దు చేశాడు. చివరి అధిపతి జాక్ ద మొలే 1265లో బోన్ పట్టణంలో చేరి, 1314 మార్చిలో పారిస్‌లో సీన్ నది లంక మీద కాల్చబడేనాటికి ఆ వస్త్రంలో నలభై తొమ్మిదేళ్ళు గడిపాడు. నా పద్యంలో వృద్ధుడైన పిల్లడు ఆయనే అని చెప్పను, ఆయనకు ఏ వీథికీ తిరిగి వచ్చే అవకాశం దొరకలేదు. కాని "పిల్లఁడు వృద్ధుఁడయి" అన్న మాట ఆ నలభై తొమ్మిదేళ్ళను తలచుకొంటేనే వచ్చింది.

భద్రాద్రి మేష్టారు:
అమ్మా, నేను నా పద్యాన్ని ఉపసంహరించుకోవడం లేదు గాని, నా గుఱ్ఱం మాత్రం దిగాను. "అకట" ఒక్కటే నన్ను వేధిస్తోంది. అతడు చేయెత్తి మ్రొక్కడంలోనే ఏడ్పు ఉంది. దాన్ని మళ్ళీ కవి వచ్చి చెప్పాలా?

అమలాపురం అక్కయ్య:
ఆ మూడు మాత్రలకు మరో మాట దొరకక రెండు రోజులు కూర్చున్నాను మేష్టారూ. దొరికితే మార్చుకొంటాను.

కృష్ణాతీరం:
రద్దయిన తరువాత వారి ఆస్తులన్నీ ఏమయ్యాయండి? తెల్లని దుప్పట్లు ఇంకెవరూ కప్పుకోలేదా?

నిర్వాహకుడు:
చాలా భూములు నల్లని వస్త్రం మీద తెల్ల సిలువ ధరించే మరో యోధసన్యాసుల సంఘం హాస్పిటలర్లకు వెళ్ళాయి. లండనులోని వారి స్థలం కాలక్రమంలో న్యాయవాదుల చేతికి వచ్చింది. 1891లో గాంధీగారు బారిస్టరు పట్టా పుచ్చుకొన్న ఇన్నర్ టెంపుల్ పేరులోని ఆలయం ఈ టెంప్లర్లదే. పోర్చుగలులో డినిష్ రాజు 1319లో ఆ ఆస్తులతోనే క్రీస్తు సంఘాన్ని నిలబెట్టాడు. 1498లో వాస్కో డ గామా కళ్ళికోట తీరానికి తెచ్చిన ఓడల తెరచాపల మీద ఉన్న ఎర్ర సిలువ ఆ సంఘానిదే. కృష్ణాతీరం గారూ, మీరు "అల్లిన" అన్న సిలువ అలా సముద్రం దాటి మన దక్షిణాదికే వచ్చింది. మేష్టారు దాని కుట్టును ఇంకా పరీక్షిస్తున్నారు.

ఈ వారానికి అక్కయ్యగారి పూరణను పైన ఉంచుతున్నాను. తాతయ్యగారి విరుపుకు రెండో స్థానం, మేష్టారి రెండు గదలకు మూడో స్థానం. కృష్ణాతీరం గారు "అల్లిన"ను సవరించి మళ్ళీ పంపాలి.

వచ్చే వారం పాదం కూడా టెంప్లర్లదే. జెరూసలేములో రెండవ బాల్డ్విన్ రాజు వారికి ఇచ్చిన నివాసం అల్ అక్సా కట్టడంలో ఉండేది. పన్నెండో శతాబ్దపు సిరియా దేశపు కులీనుడు ఉసామా అక్కడికి వెళ్ళినప్పుడు, మిత్రులైన టెంప్లర్లు పక్కనున్న చిన్న మందిరాన్ని ఖాళీ చేసి ఆయనను నమాజు చేసుకోనిచ్చారు. అప్పుడే ఐరోపా నుంచి దిగిన ఒకడు వచ్చి ఆయన ముఖాన్ని బలవంతంగా క్రైస్తవులు ప్రార్థించే తూర్పు దిక్కుకు తిప్పితే, టెంప్లర్లే వాణ్ణి బయటికి లాగి, కొత్తవాడు, తెలియక చేశాడని ఉసామాకు క్షమాపణ చెప్పుకొన్నారు. ఆ సంఘటన మీద ఇది:

మఠము కాపాడె నొకనాఁడు మహి నమాజు

తెనాలి తాతయ్య:
"మహి" వ్యర్థపదం. నమాజు మహి మీద కాక మరెక్కడ చేస్తారు?