వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్: సంతకం ఎవరు పెట్టాలి?

ప్రశ్న:
అన్నా, బెర్లిన్ వచ్చి ఆరు రోజులైంది. మా కాలేజీ సీనియర్ అద్దెకున్న ఫ్లాట్‌లో ఒక గదికి అద్దె కట్టి ఉంటున్నాను. అడ్రస్ రిజిస్ట్రేషన్‌కి వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్ అనే ధ్రువీకరణ కాగితం కావాలట. అది ఓనరే ఇవ్వాలని రూమ్మేట్లు అంటున్నారు. ఆయన హాంబర్గ్‌లో ఉంటాడు, ఫోన్ ఎత్తడు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:
తమ్ముడూ, ఓనర్ కోసం ఆగిపోకు. నీకు కావలసిన జవాబు ఆ మాటలోనే ఉంది. బడిలో సమాసానికి విగ్రహవాక్యం చెప్పినట్టు విడదీసి చూడు. జర్మన్‌లో 24 అక్షరాలు, కానీ ఉన్నవి మూడే మాటలు.

వోనుంగ్ అంటే నివాసం. అలవాటైన అని చెప్పే గెవోన్ట్ దీనికి చుట్టమే. వెనకాల ఉన్న ‘స్’కి అర్థం లేదు. పల్లె, ఊరు కలిసి పల్లెటూరు అయినప్పుడు మధ్యలో ‘ట’ వచ్చిందే, అలాంటిదే. దాన్ని వాళ్లు ఫూగన్-ఎస్, అంటే అతుకు ఎస్ అంటారు.

గేబర్ అంటే ఇచ్చేవాడు. నీ పని ఇక్కడే తేలుతుంది. చట్టం ఇక్కడ యజమాని అనే మాట వాడలేదు, నివాసం ఇచ్చినవాడు అంది. నీకు గది ఇచ్చింది మీ సీనియర్ కాబట్టి సంతకం ఆయనే పెట్టాలి. ఫారంలో ఓనర్ పేరు కూడా రాయాలి, అంతే. సబ్‌లెట్‌కి ఓనర్ అనుమతి ఉందో లేదో మాత్రం సీనియర్‌ని అడిగి తెలుసుకో.

బెష్టేటిగుంగ్ నాకు చాలా ఇష్టమైన ముక్క. దాని లోపల ఉన్నది స్థిరమైన అని చెప్పే పాత మాట. నిలబడటం అనే ధాతువు, మన సంస్కృతం ‘స్థా’కి బంధువు. ఒక సంగతిని కదలకుండా నిలబెట్టడమే బెష్టేటిగెన్. మన ధ్రువీకరణ చూడు, ధ్రువం అంటే కూడా కదలనిదేగా!

ఈ కాగితం 2015 నవంబరు 1 నుంచి తప్పనిసరి. లేని అడ్రసుల్లో దొంగ రిజిస్ట్రేషన్లు ఆపడానికి తెచ్చారు. నేను వచ్చిన కొత్తలో అద్దె అగ్రిమెంటు మొత్తం పట్టుకెళ్లాను. కౌంటర్‌లో ఆవిడ ఒక్క పేజీ కూడా తిప్పలేదు. కావలసిన కాగితాల లిస్టులో ఈ మాట కింద పెన్నుతో గీత గీసి తిరిగిచ్చేసింది.

గదిలోకి దిగిన రోజు నుంచి రెండు వారాల్లో రిజిస్టర్ చేసుకోవాలి. ఆ తేదీ, అడ్రస్, నీ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించు. ఈ రాత్రికే సీనియర్ చేత సంతకం పెట్టించుకో.