స్నానాలగదిలో ఇంటిల్లిపాదికీ భద్రత ఎలా?

ప్రశ్న (కావలి): మా ఇంట్లో డెబ్బై దాటిన అత్తగారు, ఇప్పుడిప్పుడే నడుస్తున్న పాప ఉన్నారు. బోరు నీటి ఉప్పు వల్ల స్నానాలగది టైల్స్ మీద తెల్లటి పొర కట్టి, దానిపై సబ్బు నురగ పడగానే కాలు జారుతోంది. టైల్స్ పగలగొట్టించకుండా ఏం చేయవచ్చో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (ఒంగోలు): అమ్మా, పగలగొట్టించనక్కరలేదు. సిరామిక్ టైల్స్ అయితే వెనిగర్ కలిపిన నీళ్లు పోసి, కాసేపు నాననిచ్చి, గట్టి బ్రష్షుతో రుద్ది కడగండి. బ్లీచింగుతో మాత్రం ఎన్నడూ కలపవద్దు, క్లోరిన్ విషవాయువు వెలువడుతుంది. అంతకంటే ముఖ్యం, కమోడ్ పక్కన గోడకు స్టీలు పట్టుకమ్మీ బిగించడం. తువ్వాలు ఆరేసే కడ్డీని పట్టుకుని లేవడం పెద్దవాళ్లకు అలవాటే గానీ, అది మనిషి బరువును ఆపేందుకు చేసినది కాదు. కమ్మీని టైలుకు కాకుండా, వెనుక ఇటుకగోడలోకి దిగే యాంకర్ బోల్టులతో బిగించమని మేస్త్రీకి గట్టిగా చెప్పండి.

జవాబు (నెల్లూరు): విద్యుత్ పని చేసేవాడిగా ఒక మాట. గీజరు థర్మోస్టాట్‌ను 50 డిగ్రీలు దాటనివ్వకండి, ఎందుకంటే 60 డిగ్రీల నీరు కొద్ది సెకన్లలోనే చర్మాన్ని కాలుస్తుంది, పసిపిల్లల చర్మాన్ని ఇంకా త్వరగా. ఎర్తింగ్ సరిచూపించి, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చు పెట్టించి, దాని టెస్ట్ బటన్‌ను అప్పుడప్పుడు నొక్కి చూడండి.

ప్రశ్న (కావలి): కృతజ్ఞతలండీ. కరెంటు పోతుందని బకెట్లు నింపి ఉంచుతాము, పాపకు ప్రమాదమా?

జవాబు (ఒంగోలు): తప్పకుండా ప్రమాదమే. తలకిందులుగా పడిన పసిబిడ్డ జానెడు నీళ్లలోంచి కూడా లేవలేదు. నీళ్లు మూత బిగిసే డ్రమ్ములో పట్టి, తలుపుకు బయట పైన గడియ పెట్టించండి.