శివరాత్రి దాటింది, మేడ మీద అమ్మమ్మ చేత ఏం విత్తించాలి?

అడిగినవారు: మూడో_అంతస్తు

హైదరాబాదులో మూడో అంతస్తు పైన 20 అడుగులకు 15 అడుగుల డాబా. రోజంతా ఎండే. ఒంగోలు వైపు నుంచి వచ్చిన అమ్మమ్మ (71) జూన్ దాకా ఇక్కడే ఉంటారు. మోకాళ్ళ నొప్పి, ఒంగలేరు, కానీ చేతికి మట్టి అంటకపోతే తోచదు. ఉన్నవి: 20 లీటర్ల ఖాళీ పెయింటు బకెట్లు 10, గ్రో బ్యాగులు 4, సిమెంటు తొట్టిలో పాత గుండుమల్లె ఒకటి, కరివేపాకు ఒకటి, ఎండిపోతున్న చిక్కుడు పాదు. నీళ్ళు బోరువి. అదే డాబా మీద గుమ్మడి వడియాలు, చల్ల మిరపకాయలు కూడా ఎండాలి. సందేహాలు:

1. ఇప్పుడు ఏవి విత్తితే ఎండలు ముదిరేలోపు చేతికొస్తాయి? అమ్మమ్మ టమాటా, సొర అంటున్నారు.
2. మల్లెకు ఈ ఏడు కత్తిరింపు చేయలేదు. ఇప్పుడు చేయొచ్చా?
3. ఒంగకుండా పని చేసేలా ఎలా అమర్చాలి?

మేడతోట:

చలి శివశివా అని వెళ్ళిపోయింది కాబట్టి గింజ మొలకకు ఢోకా లేదు. ఉన్న ఇబ్బందల్లా అవతలి కొస. బీర విత్తిన 50-55 రోజులకు కోతకొస్తుంది. ఈ వారం వేస్తే ఏప్రిల్ మూడో వారం. మార్చి సగం దాటాక వేస్తే పూత సరిగ్గా మండుటెండల్లో పడుతుంది, ఆడపూలు తగ్గి మగపూలే వస్తాయి. అందుకని తీగలు ఈ వారమే.

టమాటా వద్దని చెప్పండి. నారు పోసి నాటి పూత వచ్చేసరికి 38 డిగ్రీలు ఉంటుంది, పూత పూసినట్టే పూసి రాలుతుంది. సొర పాదుకు 20 లీటర్లు చాలవు. నలభై లీటర్ల తొట్టి ఉంటే ఒక్కటి పెట్టండి, లేకపోతే ఆ కోరిక వాయిదా.

నేనైతే ఇలా పంచుతాను: బీర 3 బకెట్లు, కాకర 2, బెండ 4, పచ్చడికీ పప్పుకీ దోస 1. గ్రో బ్యాగుల్లో తోటకూర రెండు, గోంగూర రెండు. ఇంతకు మించొద్దు. మేలో ఒక్కో బకెట్‌కు రోజుకు మూడు లీటర్ల దాకా నీళ్ళు కావాలి, ఆ బరువు మోసేది ఎవరో ముందే ఆలోచించుకోండి.

మట్టి: ఎర్రమట్టి రెండు పాళ్ళు, బాగా మాగిన పశువుల ఎరువు ఒకటి, కోకోపీట్ (ఇటుకలా అచ్చుపోసి అమ్మే కొబ్బరి పీచు పొట్టు) ఒకటి. బకెట్‌కు గుప్పెడు వేపపిండి. కోకోపీట్ ఇటుకను నానబెట్టి రెండు మూడుసార్లు కడిగి పిండాలి, లేకపోతే అందులో ఉప్పు మొలకను మాడుస్తుంది. ఎరువు ముట్టుకుంటే వేడిగా ఉన్నా, పేడ వాసన వస్తున్నా అది మాగలేదు, వేరుపురుగు దానితోనే వస్తుంది. బకెట్ అడుగున పెన్సిలు దూరేంత బెజ్జాలు ఐదు, వాటి మీద పెంకు ముక్కలు. అచ్చంగా ఎర్రమట్టే నింపితే తడిసిన బకెట్ ముప్పై కిలోలు దాటుతుంది. డాబా నడిమధ్యన కాక గోడ వెంట, దూలాల మీదుగా పెట్టండి.

బీర గింజలు రాత్రి నానేసి పొద్దున విత్తాలి. కాకర గింజ పెంకు మందం, మొనను గోళ్ళ కత్తెరతో కొద్దిగా చిదిపి పూర్తిగా ఒక రోజు నానాలి. వేలి కణుపు లోతున మూడేసి గింజలు పెట్టి, నాలుగాకులు వచ్చాక బలమైనది ఉంచి మిగతావి కత్తెరతో తుంచాలి. పీకితే ఉన్నదాని వేరు కదులుతుంది. తోటకూర విత్తనం చిటికెడు తీసుకుని చెంచా పొడి ఇసుకలో కలిపి చల్లండి. బ్యాగు పక్కన కాసిని నూకలు పోస్తే చీమలు విత్తనం జోలికి రావు. 25-30 రోజులకు పప్పులోకి కోసుకోవచ్చు.

గుండుమల్లె:

మల్లె సంగతి నేను చెప్తాను. నవంబరు చివర్లో నీళ్ళు ఆపేసి, జనవరి లోపు కత్తిరించి ఉండాల్సింది. ఇప్పుడు మోకాలెత్తుకు నరికితే కొత్త చిగురు వేసి పూసేసరికి మే వచ్చేస్తుంది. ఈ ఏడాదికి పెద్ద కత్తెర వద్దు. ఎండుపుల్లలు, లోపలికి పెరిగిన సన్న కొమ్మలు తీసేసి, మిగతా కొమ్మల కొసలు రెండంగుళాలు తుంచండి. ఆకులు కాస్త వాలేదాకా నాలుగైదు రోజులు నీళ్ళు ఆపండి. తర్వాత పై మూడంగుళాల మట్టి గీకి తీసి, ఆ చోట ఎరువు నింపి, తొట్టి అడుగు నుంచి కారేదాకా తడపండి. పూలు కొత్త చిగురు కొసనే వస్తాయి కాబట్టి ప్రతి విడత పూత అయ్యాక ఆ కొసను తుంచితేనే మళ్ళీ మొగ్గ. సన్నపాటి బెజ్జం పడి ఊదారంగు తిరిగిన మొగ్గ కనిపిస్తే లోపల పురుగున్నట్టే. ఆ మొగ్గల్ని గిల్లి సబ్బునీళ్ళలో వేయాలి, తొట్టి పక్కన పారేస్తే లాభం లేదు.

కరివేపాకును మాత్రం ధైర్యంగా నడుం ఎత్తుకు కత్తిరించండి, ఇదే అదను. పూత కొసలు వస్తే గిల్లేయండి. పుల్ల మజ్జిగ పోసే అలవాటు మంచిదే, గ్లాసుకు నాలుగు గ్లాసుల నీళ్ళు కలిపి, పదిహేను రోజులకోసారి. ఉప్పేసిన మజ్జిగ మాత్రం కాదు.

పడమటి_పందిరి:

మేడతోట గారు చెప్పిన మట్టి పాళ్ళలో ఒక చిక్కుంది. కోకోపీట్ కలిపిన మట్టి పైన ఎండినట్టు కనిపిస్తుంది, రెండంగుళాల కింద తడిగానే ఉంటుంది. పెద్దవాళ్ళు పైమట్టి చూసి చెంబుతో మళ్ళీ పోస్తారు, బీర ఆకు పసుపు తిరుగుతుంది, "నీళ్ళు చాలట్లేదు" అని ఇంకో చెంబు. వేలు రెండో కణుపు దాకా గుచ్చి చూసి పోయమనండి. ఫిబ్రవరిలో బకెట్‌కు లీటరు చాలు.

ఎత్తు లెక్క: పెయింటు బకెట్ సుమారు 15 అంగుళాలు. కింద మూడు వరసల ఇటుకలు పేర్చితే ఇంకో 9. మొత్తం రెండడుగులు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటే అంచు సరిగ్గా చేతికందుతుంది. బకెట్లు రెండు వరసలుగా పెట్టి మధ్యలో కుర్చీ పట్టేలా రెండున్నర అడుగులు వదలండి. నీళ్ళు పైపుతోనే, మెట్ల మీదుగా బిందెలు వద్దు. ఇటుకల కింద పాచి పట్టకుండా వారానికోసారి చీపురుతో గీకాలి, జారేది అక్కడే.

తీగల పందిరి పడమటి పిట్టగోడకు కట్టండి. మధ్యాహ్నం నీడ తోటకూర బ్యాగుల మీద పడుతుంది, తూర్పు సగం వడియాలకు ఖాళీగా ఉంటుంది. వేపనూనె (లీటరుకు 5 మి.లీ., నాలుగు చుక్కల సబ్బునీళ్ళు) వడియాల బట్ట కిందికి దించాక, సాయంత్రం మాత్రమే చల్లాలి. తుంపర గాలికి ఎగిరి వడియాల మీద పడితే ఆ చేదు వేయించినా పోదు.

బియ్యం కడుగు ఏ రోజుది ఆ రోజు పోయొచ్చు. ఆర్వో మిషను వదిలే నీళ్ళు మాత్రం వద్దు, బోరు ఉప్పు అందులో ఇంకా చిక్కబడి ఉంటుంది.

మేడతోట:

నీళ్ళ సంగతి ఒప్పుకుంటాను. ఇంకొకటి చెప్పడం మరిచాను. బీరకు మొదటి పది రోజులు వచ్చేవన్నీ మగపూలే, అది తెగులు కాదు. ఆడపువ్వుకు వెనక చిటికెన వేలంత బీరపిందె ఉంటుంది. బీరపువ్వు విచ్చుకునేది సాయంత్రం, దీపం పెట్టే వేళకు. మేడ మీదికి ఆ పూట తేనెటీగలు రావు. మగపువ్వు తుంచి, రేకులు వెనక్కి ఒలిచి, పుప్పొడిని ఆడపువ్వు మధ్యన మెల్లగా అద్దాలి. వేలికి పసుపు అంటితే పుప్పొడి ఉన్నట్టు. కాకరకైతే ఇదే పని పొద్దున ఏడింటికి. అద్దిన పిందెకు కాగితం సంచి తొడిగితే పండుఈగ గుడ్లు పెట్టదు.

మూడో_అంతస్తు:

అందరికీ ధన్యవాదాలండీ. ఇటుకలు రేపే తెప్పిస్తాం. చిక్కుడు పాదు ఇప్పుడే పీకేయాలా?

గుండుమల్లె:

రెండు వారాలు ఆగండి. పేనుబంక (రసం పీల్చే సన్న పురుగు) పట్టిన కొసలు కోసి సంచిలో కట్టి పారేయండి, లేకపోతే కొత్త బీర చిగుళ్ళకు ఎక్కుతుంది. నిండుగా ఉన్న కాయలు పది తీగ మీదే ఎండనిచ్చి, కదిపితే గలగలమన్నప్పుడు కోసి, నీడలో ఇంకో వారం ఆరబెట్టాలి. ఒలవడం అమ్మమ్మ గారికి వదిలేయండి. గింజ కొరికితే టక్కున విరగాలి, పన్ను దిగితే ఇంకా పచ్చి ఉన్నట్టు. విరిగితే డబ్బాలో పోసి, పైన చెంచా కట్టెల బూడిద కలిపి మూత పెట్టండి. మళ్ళీ జూలైలో తీద్దురు.