ఘనా స్పీకర్ బగ్బిన్ ఏడుసార్లు ఎలా గెలిచారు? తెలిసినవాళ్లు చెప్పండి

మర్రిగూడ కుర్రాడు:
అన్నలూ, మా బావ ఘనాలో టెమా దగ్గర ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. మొన్న బతుకమ్మకు వచ్చి, అక్కడి స్పీకర్ ఆల్బన్ బగ్బిన్ గురించి రాత్రి పదకొండు దాకా ఒకటే చెప్పుడు. ఒకే సీటు నుంచి వరసగా ఏడుసార్లు ఎంపీ అంట, అదీ బాగా వెనకబడిన ఉత్తర ప్రాంతం నుంచి. మా దగ్గర ఒకసారి గెలిచినాయన రెండోసారి ఊళ్లోకి రావాలంటేనే టెన్షన్ పడతాడు. సొంత పార్టీకి మెజారిటీ లేకున్నా స్పీకర్ అయ్యాడని కూడా అన్నాడు, అదెట్లా కుదిరింది?

పాలమూరు మాస్టారు:
తమ్ముడూ, మీ బావ చెప్పింది నిజమే. ఆయనది ఉత్తర ఘనాలో అప్పర్ వెస్ట్ అనే ప్రాంతంలోని సోంబో ఊరు, పుట్టింది 1957లో. అక్రాలో లా చదివి, 1992 ఎన్నికల్లో నదోలీ నుంచి గెలిచారు. ఆ మొదటి గెలుపు తేలికే, ఎందుకంటే ప్రధాన ప్రతిపక్షం ఎన్‌పీపీ ఆ పార్లమెంటు ఎన్నికలను బహిష్కరించింది. అసలు పరీక్ష 2000లో వచ్చింది, ఆయన పార్టీ ఎన్‌డీసీ అధికారం పోగొట్టుకుని ఎనిమిదేళ్లు బయటే ఉంది, అయినా నదోలీ జనం ఆయన్ను వదల్లేదు, సభలో ప్రతిపక్ష నాయకుడిగా నిలబడ్డారు. నాకు ఏడుసార్ల కన్నా ఆ ఎనిమిదేళ్లే పెద్దవి.

2020లో ఆయన పోటీ చేయలేదు. అక్కడ స్పీకర్ ఎంపీ అయి ఉండాల్సిన పనిలేదు. ఆ ఎన్నికల్లో ఎన్‌డీసీ, ఎన్‌పీపీ రెండు పార్టీలకూ సరిగ్గా 137 సీట్ల చొప్పున, ఒక్క ఇండిపెండెంట్. 2021 జనవరి 6 రాత్రి మొదలైన సభ తెల్లారేదాకా నడిచింది, ఓట్ల లెక్కింపులో ఒక ఎంపీ బ్యాలెట్ పేపర్లు లాక్కుని పరుగెత్తాడు, సైనికులు సభలోకి వచ్చారు, దేశమంతా టీవీలో చూసింది. చివరికి గెలిచింది బగ్బిన్.

దేవరకొండ లాయరమ్మ:
మాస్టారూ, 2024 అక్టోబర్ సంగతి కూడా చెప్పాలి కదా. పార్టీ టికెట్ మీద గెలిచి ఇండిపెండెంటుగా నామినేషన్ వేసినవాళ్లవి మూడు, ఇండిపెండెంటుగా గెలిచి పార్టీలో చేరినాయనది ఒకటి, మొత్తం నాలుగు సీట్లు ఖాళీ అని ప్రకటించేశారు. అందులో ఒకరు ఆయన ఎన్‌డీసీ మనిషే. సుప్రీంకోర్టు నవంబర్‌లో దాన్ని కొట్టేసింది, ఆ తీర్పు మీద వాదించుకోవచ్చు. కానీ మన దగ్గర పార్టీ మారిన ఎమ్మెల్యేల మీద పిటిషన్లు నెలల తరబడి నలుగుతుంటే, అక్కడ స్పీకర్ కుర్చీలో కూర్చుని తన మాట చెప్పేశారు, చూసి నాకు గుండె నిండింది. 2025 జనవరిలో మళ్లీ ఆయన్నే ఎన్నుకున్నారు.

మర్రిగూడ కుర్రాడు:
చాలా థాంక్స్ మాస్టారూ, అక్కా. ఇంకొక్కటి. ఆయన 2010లో నీటి వనరుల మంత్రి అయ్యారని బావ అన్నాడు. ఉత్తర ఘనాలో బోంగో వైపు కూడా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉందంట, పిల్లల పళ్లు మా ఊళ్లో లాగే గోధుమరంగు చారలు. మా తాత ముప్పై ఏళ్లు వంగిన నడుముతోనే బతికాడు. ఆ బోంగోకు మంచినీళ్లు ఎట్లా తెచ్చారో ఎవరికైనా తెలిస్తే రాయండి.