రంగూన్ నుంచి వచ్చిన ఇంటి ఉత్తరాలు: దాచుకోవాలా, ఆర్కైవ్స్‌కు ఇవ్వాలా?

ప్రశ్న:

మా ముత్తాతగారు కాకినాడ దగ్గరి పల్లె నుంచి బర్మాలోని రంగూన్ వెళ్లి, చాలా ఏళ్లు అక్కడి రేవులో మూటలు మోశారు. ఆయన తన అన్నగారికి పంపిన అరవైకి పైగా ఉత్తరాలు, ఇనుప తీగకు గుచ్చినవి గుచ్చినట్లుగా, ఈ సంక్రాంతికి అటక దులుపుతున్నప్పుడు బయటపడ్డాయి. చాలావాటిపై ఇంగ్లీషు తేదీ లేదు. తెలుగు సంవత్సరం, మాసం, తిథి మాత్రమే ఉన్నాయి. చేతిరాత కూడా ఒక్కొక్క ఉత్తరంలో ఒక్కొక్క రకంగా ఉంది. వీటిని లామినేషన్ చేయించి తలా కొన్ని పంచుకుందామని మా అన్నయ్య అంటున్నారు. నాకేమో ఆర్కైవ్స్‌కు ఇస్తే బాగుంటుందని ఉంది, కానీ ఇంటి అప్పులు, ఆయన అక్కడ పెట్టుకున్న రెండో కాపురం వంటి సంగతులు కూడా వీటిలో ఉన్నాయి. పైగా ఒక కూలీ రాసుకున్న ఉత్తరాలను వారు తీసుకుంటారా?

జవాబు 1:

దయచేసి లామినేషన్ చేయించవద్దు. ఆ వేడికి, ప్లాస్టిక్‌కు చిక్కిన కాగితాన్ని మళ్లీ విడదీయడం దాదాపు అసాధ్యం. సెల్లోటేపు కూడా కొన్నేళ్లకు పసుపు మరకగా మిగులుతుంది. పంచుకోవడం అంతకన్నా పెద్ద నష్టం. వచ్చిన ఉత్తరాన్ని వచ్చినట్లు తీగకు గుచ్చేవారు కాబట్టి, అన్నిటికన్నా అడుగున ఉన్నది అన్నిటికన్నా పాతది. తేదీ లేని ఉత్తరం ఎప్పటిదో చెప్పగలిగేది ఆ వరుసే. అందువల్ల తీగ తీసే ముందు కట్టను అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి, ప్రతి ఉత్తరానికీ వరుస సంఖ్యను మెత్తని పెన్సిల్‌తో వెనుక మూలన వేయండి. కవర్లను పారేయవద్దు. బర్మా 1937 ఏప్రిల్ 1న ఇండియా నుంచి విడిపోయింది; అంతకు ముందు అక్కడ ఇండియా స్టాంపులే చెల్లేవి, ఆ రోజు నుంచి వాటి మీదే బర్మా అని అచ్చు వేసి అమ్మారు. తపాలా ముద్ర చెరిగిపోయినా స్టాంపు కాలం చెబుతుంది.

జవాబు 2:

చేతిరాతలు మారడానికి కారణం, చదువురాని కూలీలు తోటివారి చేత ఉత్తరాలు రాయించుకోవడమే కావచ్చు. అలా అయితే ఉత్తరం మొదట్లో రాసే ఉభయకుశలోపరి తరువాత వచ్చే వాక్యాలలో ఏవి మీ ముత్తాతగారి మాటలో, ఏవి రాసిపెట్టినవారి అలవాటు మాటలో గమనిస్తూ చదవండి. ప్రమోదూత సంవత్సరం జ్యేష్ఠమాసపు ఉత్తరం ఏదైనా ఉందేమో ముందుగా చూడండి. 1930 మే నెలలో కూలి పెంచమని సమ్మె చేసిన తెలుగు రేవు కూలీల స్థానంలో బర్మీయులను పెట్టుకుని, సమ్మె ముగియగానే వారిని తీసివేయడంతో రంగూన్‌లో ఘోరమైన అల్లర్లు చెలరేగాయి. వెంటనే వచ్చిన మాసమే ఆ జ్యేష్ఠం. ప్రభుత్వ కాగితాలలో ఆ కూలీలు ఎక్కువగా లెక్కలుగానే కనిపిస్తారు. ఒక కూలీ తన అన్నతో ఏమి చెప్పుకున్నాడో, ఏమి చెప్పకుండా దాచాడో తెలిపే కాగితం అంత సులభంగా దొరకదు. కూలీ ఉత్తరాలు కదా అని మీరు సంకోచించడం చూసి నాకు బాధ కలిగింది.

జవాబు 3:

ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారం (నేషనల్ ఆర్కైవ్స్) వ్యక్తుల, కుటుంబాల కాగితాలను కూడా స్వీకరిస్తుంది. ముందుగా కట్టలో ఏముందో రెండు పేజీలలో వివరించి లేఖ రాయండి. రెండో కాపురం సంగతి గురించి బెంగ పడవద్దు. ఫలానా ఉత్తరాలను ఇన్నేళ్ల వరకు ఎవరికీ చూపకూడదన్న షరతును దాన పత్రంలోనే రాయించమని అడగవచ్చు. అయితే రెండు వైపుల వారసులకూ మాట చెప్పి, వారి సమ్మతి తీసుకున్నాకే సంతకం చేయండి. కాగితం మీ చేతిలో ఉన్నా, అందులోని రాతపై కాపీరైట్ రాసినవారిదీ, వారి తదనంతరం వారసులదీ అవుతుంది. ఇచ్చే ముందు మంచి స్కాన్లు తీసుకుంటే మీ అన్నయ్యగారి కోరికా తీరుతుంది.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. అన్నయ్య ఒప్పుకున్నారు, తీగ ఇంకా తీయలేదు. పైన ఉన్న చివరి ఉత్తరం వృష సంవత్సరం మార్గశిర బహుళంలోనిది, అంటే 1941 డిసెంబరు 23న రంగూన్‌పై బాంబులు పడడానికి కొద్ది రోజుల ముందుది. పెద్దమ్మాయి పెళ్లికి వస్తానని అందులో ఉంది. మా ఇంటి నుంచి ఆయనకు వెళ్లిన ఉత్తరాలు ఒక్కటీ మిగలలేదు. ఆయన అడిగిన ప్రశ్నలను బట్టి ఇంట్లోవారు ఏమి రాసి ఉంటారో ఒక పుస్తకంలో రాసుకుంటున్నాను. స్కాన్లతో పాటు ఆ పుస్తకం నకలు కూడా జతచేస్తాను.