పాత తాలూకా కచేరీని కళాకేంద్రంగా మార్చాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

కచేరీ వీధి (అడిగినవారు)

అందరికీ నమస్కారం. మాది తిరుపతి జిల్లాలో చిన్న టౌను. మా వీధి చివర తెల్లదొరల నాటి తాలూకా కచేరీ ఉంది. ముందు పొడుగు వరండా, లోపల పెద్ద హాలు, పక్కన రికార్డు గదులు, వెనక ఖజానా గది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాక కూడా కొన్నాళ్ళు ఏవో ఆఫీసులు నడిచాయి. కొత్త బిల్డింగు కట్టుకుని వెళ్ళిపోయాక తాళం పడింది.

చుట్టుపక్కల వీధినాటకం ఆడేవాళ్ళు, హరికథ చెప్పేవాళ్ళు, కోలాటం గుంపులు బాగానే ఉన్నారు. ప్రాక్టీసుకే చోటు లేదు. పిల్లలకు డ్రాయింగో సంగీతమో నేర్పించాలంటే తిరుపతికి బస్సెక్కాలి. ఈ కచేరీని కళాకేంద్రం చేసుకుంటే బాగుంటుందని మేం కొందరం అనుకుంటున్నాం.

మిద్దె కారుతోంది. తెలిసిన కాంట్రాక్టరు వచ్చి చూసి, పాత గారంతా కొట్టేసి సిమెంటు పూసి, కింద టైల్స్, పైన ఫాల్స్ సీలింగ్ వేస్తే ఫంక్షన్ హాలు మాదిరి అవుతుందన్నాడు. ఇంకొందరేమో పడగొట్టి షాపులు కడితే బాడుగ వస్తుంది కదా అంటున్నారు. ముందు ఎవర్ని అడగాలి? దేంతో మొదలుపెట్టాలి? డబ్బెక్కడ పుడుతుంది?

మాజీ ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టరు), చిత్తూరు

తమ్ముడూ, కాంట్రాక్టర్ని ప్రస్తుతానికి పక్కన పెట్టు. ఆ బిల్డింగు ఎవరిదో కాగితం మీద తేలకుండా ఒక్క ఇటుక కదిపినా రేపు కేసు నీ మీదికే వస్తుంది.

స్థలం రెవెన్యూది, బిల్డింగు మరమ్మతు బాధ్యత ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ)ది, చుట్టూ ఖాళీ జాగా మున్సిపాలిటీ వాడుకుంటూ ఉండటం మన దగ్గర మామూలే. ముగ్గురూ మాది కాదంటారు. మీరు చెయ్యి వేస్తే మాత్రం ముగ్గురూ మాదే అంటారు. అందుకని సర్వే నంబరు పట్టుకుని ఎఫ్‌ఎంబీ (స్థలం కొలతల పటం) నకలు, ఆర్‌ఎస్‌ఆర్ (ఏ భూమి ఏ రకమో రాసుండే పాత రిజిస్టరు) నకలు తీసుకోండి. అందులో ఏ పోరంబోకు అని రాసుందో చూడండి.

ఇంకో చిక్కు. మీ ఊరు 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి జిల్లా, అంతకుముందు చిత్తూరు. పాత ఫైళ్ళు కొన్ని ఇప్పటికీ చిత్తూరు కలెక్టరేట్ రికార్డు రూములోనే ఉండొచ్చు. చిత్తూరు జిల్లా పుట్టిందే 1911లో. చంద్రగిరి, చిత్తూరు, పలమనేరు వైపు అంతకుముందు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. కచేరీ అంతకన్నా పాతదైతే దాని కట్టుబడి కాగితాలకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో వెతకాలి. అంత దూరం ఎందుకంటావేమో. పాత ప్లాను ఒక్కటి దొరికితే 'దీనికి చరిత్రేముంది' అనే నోరు మూతపడుతుంది.

పడగొట్టాలనే మాట మొదలైంది కాబట్టి అర్జెంటుగా ఇంకో పని చెయ్యండి. సర్కారు బిల్డింగుని కూల్చాలంటే ముందు అది శిథిలమైందని ఇంజినీరు రాసివ్వాలి. ఆ కాగితం ఒకసారి పుట్టిందంటే వెనక్కి తిప్పడం చాలా కష్టం. పుట్టకముందే కలెక్టరుగారికి గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చి రసీదు దగ్గర పెట్టుకోండి. అర్జీలో 'మా సొసైటీకి ఇవ్వండి' అని రాయొద్దు. సర్కారు స్థలం సొసైటీకి రాయించుకోవడం ఏళ్ళ పని. 'బిల్డింగు మీదే, తాళం మీదే, ఫలానా వేళల్లో వాడుకోవడానికి అనుమతి, నిర్వహణకు మీ అధ్యక్షతన కమిటీ' అని అడగండి. ఆఫీసరుకి సంతకం పెట్టడానికి భయం లేని మాట అది.

చంద్రగిరి కోటలాంటి కేంద్ర పురావస్తు శాఖ కట్టడం దగ్గర్లో ఉంటే ఆ లెక్క వేరు. మొదటి 100 మీటర్లలో కొత్త కట్టడం నిషేధం, ఆ తర్వాత 200 మీటర్లు వాళ్ళ అనుమతి మీదే. వెనకాల చిన్న షెడ్డు వేయాలన్నా ఇది చూసుకోవాల్సిందే.

రిటైర్డ్ ఏఈ

మిద్దె సంగతి, ఇంజినీరుగా చేసినవాణ్ణి కాబట్టి, నేను చెప్తా. మీరు చెప్పిన కాలాన్ని బట్టి అది మద్రాస్ టెర్రస్ అయ్యుండాలి. హాల్లో నిలబడి తలెత్తి చూడండి. టేకు దూలాలు, వాటి మీద దగ్గర దగ్గరగా వాసాలు, ఆ పైన సన్న ఇటుకలు ఏటవాలు వరసల్లో కనిపిస్తే అదే. ఆ ఇటుకల పైన ఇటుక జల్లి కలిపిన సున్నం వేసి, కరక్కాయ, బెల్లం నీళ్ళు చల్లుతూ ఆడకూలీలు వరసగా కూర్చుని చెక్క బ్యాట్లతో రోజుల తరబడి కొట్టేవాళ్ళు. దాని మీద పలుచటి మట్టి పలకలు పరిచేవాళ్ళు. అంత కొట్టిన మిద్దె ఊరికే కారదు.

కారణం నూటికి తొంభై పాళ్ళు రెండే. ఒకటి తూము. పైకెక్కి చూస్తే రావాకులు, పావురాల రెట్ట, క్రికెట్ బంతి ఇరుక్కుని తూము మూసుకుపోయి ఉంటుంది. నీళ్ళు నిలిచి దారి వెతుక్కుంటాయి. రెండోది పిట్టగోడలో మొలిచిన రావి మొక్క. దాన్ని చేత్తో పీకొద్దు, వేరుతోబాటు గోడా ఊడొస్తుంది. మొదలుకంటా కోసి, వేరుకి మందు పెట్టి, ఎండిపోయాక తీసి, ఆ సందు సున్నంతో పూడ్చాలి.

అసలు చూడాల్సింది దూలాల కొసలు, గోడలోకి దూరేచోట. మధ్యలో దూలం చూడ్డానికి ఇనుము మాదిరి ఉంటుంది, కొస మాత్రం గోడ తేమకు పుచ్చిపోయి ఉంటుంది. నిచ్చెనేసుకుని స్క్రూడ్రైవరుతో పొడవండి. మొన దిగకపోతే దిగుల్లేదు. వెన్నలోకి దిగినట్టు దిగితే ఆ దూలం కింద వెంటనే సపోర్టు పెట్టి, హాల్లోకి ఎవరినీ రానివ్వొద్దు. ఇది చూడకుండా కారుతోంది కదాని మిద్దె మీద సిమెంటు కాంక్రీటు పోయిస్తారు చూడండి, అసలు ప్రమాదం అది. బరువు పెరుగుతుంది, కింద దూలం కొస అప్పటికే పుచ్చి ఉంటుంది.

గోడలకు సిమెంటు వద్దని ఎందుకంటానో కూడా వినండి. సున్నపు గోడ నేల తేమను పీల్చి, గార గుండా బయటికి వదులుతుంది. సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. తేమ లోపలే ఉండిపోయి, ఉప్పు తేలి, నాలుగు వానలకు పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. రాలేటప్పుడు పాత ఇటుక ముఖాన్ని కూడా ఊడబెరుక్కుని పోతుంది. గానుగ సున్నం పని తెలిసిన మేస్త్రీలు తక్కువే అయినా పాత గుళ్ళ పనులు చేసేవాళ్ళలో దొరుకుతారు. ఫాల్స్ సీలింగ్ అస్సలు వద్దు. కారేది కనబడదు, చెదలు కనబడవు, దూలం వంగినా కనబడదు.

మన వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరు వరదలు ఎవరూ మర్చిపోయుండరు. కాబట్టి తూములు, రావి మొక్కల పని వానలకు ముందే ముగించి, సున్నపు పని సంక్రాంతి తర్వాత పెట్టుకోండి. సున్నం నిదానంగా ఆరాలి. మండుటెండలో చేస్తే బీటలిస్తుంది.

కచేరీ వీధి

సార్, చాలా థ్యాంక్స్. ఆ ఇటుకలు ఏటవాలుగానే ఉన్నాయి, చిన్నప్పుడు వరండాలో పడుకుని లెక్కపెట్టేవాళ్ళం. రిపేరు మొత్తం అయ్యేదాకా ఏ కార్యక్రమమూ పెట్టకూడదా? అప్పటిదాకా మావాళ్ళ హుషారు ఉంటుందో లేదో అని టెన్షన్.

భారతం బృందం

అన్నా, మేం ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర భారతం ఆడతాం. రిపేరు కోసం ఆగొద్దు. ముందరున్న ఖాళీ జాగాలో, కలెక్టరు పర్మిషన్ తీసుకుని, నెలకొక సాయంత్రం ఏదో ఒకటి పెట్టండి. బిల్డింగు మూసే ఉండనీ. జనం అక్కడికి రావడం అలవాటైతే షాపులు కడదామనేవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే తగ్గుతారు.

ఇంకో విషయం చెప్తా, టైమ్‌టేబుల్ వేసేటప్పుడు పనికొస్తుంది. ఎండాకాలం మొదలైతే మాకు తీరికుండదు. ఊరూరా పద్దెనిమిది రోజుల భారతాలు, మధ్యాహ్నం హరికథ, రాత్రి నాటకం, అర్జునుడు తపస్సు మాను (పొడుగాటి స్తంభం) ఎక్కేది, చివర దుర్యోధన వధ. అప్పుడు మీ హాలు ముఖం చూసేవాడుండడు. ఆ నెలలు బడి సెలవులు కదా, పిల్లల క్లాసులకు ఇచ్చెయ్యండి. మాకు చోటు కావలసింది సీజన్ అయ్యాక, కొత్త కుర్రోళ్ళకు అడుగులు, పద్యాలు నేర్పేటప్పుడు.

స్టేజీ కట్టొద్దు. వీధినాటకానికి జనం చుట్టూ కూర్చోవాలి. నున్నటి టైల్స్ కూడా వద్దు, గజ్జెలు కట్టుకుని తిరిగితే కాలు జారుతుంది. ఆ పాత గచ్చే మేలు.

ఆడిటర్, తిరుపతి

డబ్బు సంగతి. సొసైటీ రిజిస్టరు చేయండి. మన రాష్ట్రంలో 2001 చట్టం ప్రకారం ఏడుగురు సభ్యులు చాలు. అయితే సొసైటీ పెట్టగానే శ్రీసిటీ పారిశ్రామికవాడ కంపెనీల నుంచి సీఎస్ఆర్ (కంపెనీలు సమాజం కోసం పెట్టే డబ్బు) వచ్చేస్తుందని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. చారిత్రక కట్టడాల పునరుద్ధరణ, సంప్రదాయ కళల ప్రోత్సాహం సీఎస్ఆర్ జాబితాలో ఉన్నమాట నిజమే. కానీ ఆ డబ్బు బయటి సంస్థ ద్వారా ఖర్చు పెట్టాలంటే దానికి ఆదాయపు పన్ను మినహాయింపుల కోసం చేయించుకునే 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు, మూడేళ్ళ పని అనుభవం ఉండాలి. కొత్త సొసైటీకి అవి ఎక్కడివి? కాబట్టి ఇప్పటికే అర్హత ఉన్న సంస్థను కలుపుకుని, లేదా ప్రభుత్వమే పెట్టిన సంస్థ ద్వారా అడగండి. మీ సొంత లెక్కలు మొదటి ఏడు నుంచే ఆడిట్ చేయించుకుంటూ పోండి, మూడేళ్ళు ఇట్టే తిరుగుతాయి.

రిపేరుకి దాత దొరుకుతాడు, శిలాఫలకం మీద పేరుంటుంది కాబట్టి. నెలనెలా కరెంటు బిల్లు కట్టే దాత దొరకడు. ఊడ్చే మనిషి జీతం, వాచ్‌మన్, బల్బులు, ఏటా తూములు శుభ్రం చేయించే ఖర్చు, వీటికి ఎక్కడ్నుంచి తెస్తారో అది ముందు రాసుకోండి. కరెంటు మీటరు ఎవరి పేరు మీద, ఏ కేటగిరీలో ఉందో కూడా కనుక్కోండి. కమర్షియల్‌లో పడితే బిల్లు వాచిపోతుంది. నా సలహా, వారానికి రెండు ముహూర్తాలకు అద్దెకివ్వండి, ఖర్చులు గడుస్తాయి.

రిటైర్డ్ ఏఈ

ఆడిటరుగారూ, అదొక్కటి మాత్రం ఒప్పుకోను. పెళ్ళికిచ్చారంటే వరండాలో గాడిపొయ్యి పెడతారు, సున్నపు గోడకి సీరియల్ లైట్ల కోసం మేకులు కొడతారు. బిల్డింగు పాడవడానికి రెండు సీజన్లు చాలు.

ఆడిటర్, తిరుపతి

వంట బయట షెడ్డులో, మేకులు కొడితే డిపాజిట్ పోతుంది అని రూలు పెట్టుకోవచ్చు కదా సార్. ఆదాయం లేకపోతే మళ్ళీ తాళమే.

టీచరమ్మ

ఇద్దరూ పెళ్ళిళ్ళ దగ్గరే ఆగిపోయారు. బాత్‌రూముల గురించి ఒక్కరూ మాట్లాడలేదు! సాయంత్రం క్లాసుకి ఆడపిల్లల్ని పంపాలంటే అమ్మలు మొదట అడిగేది అదే. పాత రికార్డు గదిని బాత్‌రూమ్‌గా మార్చకండి, పైపుల తడి సున్నపు గోడల్ని తినేస్తుంది. వెనక జాగాలో విడిగా కట్టండి, దారికి లైటు పెట్టండి.

వరండా మెట్ల పక్కన ర్యాంపు కూడా కావాలి. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. రెండడుగుల అరుగైతే 24 అడుగులు, అంత జాగా ఎటు ఉందో ఇప్పుడే కొలిచి పెట్టుకోండి. ఆ తలుపులు లోపలికి తెరుచుకునేవి అయ్యుంటాయి. జనం ఉన్నంతసేపు వాటిని బార్లా తీసి కట్టేయాలి, ఫైర్ వాళ్ళు ముందు చూసేది కూడా అదే. వైరింగు గోడ తవ్వకుండా పైపైన పైపుల్లో లాగించండి.

హాలు ఎత్తు ఎక్కువ, మైకు పెడితే మాట గింగురుమంటుంది. దానికి ఏసీలు, ప్యానెళ్ళు అక్కర్లేదు. దూలాల నుంచి మందపాటి గుడ్డలు వేలాడదీస్తే చాలా వరకు తగ్గుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్ళతోనే పెద్ద తెరలు గీయించండి, వాళ్ళకు పని దొరుకుతుంది, హాలుకి అందం.

కచేరీ వీధి

అందరికీ దండాలు. సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇస్తున్నాం, ఎఫ్‌ఎంబీ నకలుకు కూడా అప్లై చేస్తాం. తాళం ఒక్క పూటకి ఇప్పిస్తానని ఆఫీసులో ఒకరన్నారు. ఆ పూట ఏం చూసుకోవాలి?

రిటైర్డ్ ఏఈ

నిచ్చెన, టార్చి, స్క్రూడ్రైవరు తీసుకెళ్ళండి. ప్రతి దూలం రెండు కొసలూ దగ్గర్నుంచి ఫోటో తీసి, ఏ దూలం ఏ కొస అని నంబరు వేసి ఇక్కడ పెట్టండి. మిద్దె మీదికి ఇద్దరికి మించి ఎక్కొద్దు, మధ్యలో నడవొద్దు, గోడల వారగానే తిరగండి. తూముల్లో చెత్త కనిపిస్తే అప్పుడే తీసేయండి, దానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.